దుర్వినీతా, దుర్వినీతియా?

బీచ్‌రోడ్డు: రాత్రి మళ్ళీ 'ప్రతిఘటన' (1985) చూశాను. క్లాసులో పిల్లలు బోర్డు మీద తనను అవమానిస్తూ ఆ బొమ్మ గీశాక లెక్చరరు విజయశాంతి పాడే పాట ఉంది కదా, అందులో జానకి గారు "దుర్వినీత లోకంలో" అంటున్నారా, "దుర్వినీతి" అంటున్నారా? మూడుసార్లు విన్నా తేలలేదు.

ఛందోభంగం: నీత. దుర్యోధన, దుశ్శాసన అని రెండు అకారాంతాలు వేసిన వేటూరి మూడోదానికి గుడి పెడతారా?

పాతబస్తీ: పెట్టకూడదని రూలేం లేదు. నా దగ్గరున్న పాటల పుస్తకంలో 'నీతి' అనే ఉంది.

ఛందోభంగం: అచ్చుతప్పు ప్రమాణమా మాష్టారూ? రోజూ పేపర్లో అవినీతి, అవినీతి అని చదివిన కంపోజిటర్ చెయ్యి అటే పోయి ఉంటుంది.

తెనాలికోడలు: గుడి ఉంటే అర్థమే మారిపోతుందండీ. 'వినీత' అంటే శిక్షణ పొందిన. అమరకోశంలో "వినీతాః సాధువాహినః" అని మచ్చికైన గుర్రాలకు వాడారు. దుర్వినీత అంటే కళ్ళేనికి లొంగనిది. 'దుర్వినీతి' అయితే ఆ విలన్ కాళీగాడి పాపం, వాణ్ణి వెనకేసుకొచ్చే మంత్రి పాపం అనుకుని మనం ఇంటికెళ్ళిపోవచ్చు. 'దుర్వినీత లోకం' అంటే బోర్డు మీద బొమ్మ గీసినవాడూ, నడిరోడ్డు మీద ఆమె చీర లాగుతుంటే నిలబడి చూసినవాళ్ళూ అందరూ లెక్కలోకి వస్తారు. పాడేదేమో లెక్చరరు. మచ్చిక చేయాల్సింది ఎవరు మరి?

బీచ్‌రోడ్డు: అమ్మో, నేను అడిగింది ఒక్క గుడి గురించేనండీ.

పాతబస్తీ: కాళీ ఉత్త రౌడీ. వాడి మీద ఇంత అమరకోశం ఎక్కించాలా?

శాసనప్రియ: దుర్వినీతుడు అనే పశ్చిమ గంగరాజు ఉన్నాడు, 6వ శతాబ్దం. భారవి సంస్కృత కావ్యం కిరాతార్జునీయం 15వ సర్గకు వ్యాఖ్య రాశాడని శాసనం చెబుతుంది. అంత చెడ్డమాటైతే రాజు పేరుగా ఎలా చెల్లింది?

తెనాలికోడలు: దుర్యోధనుడికి చెల్లలేదా!

ఛందోభంగం: అసలు ఈ 'దుర్' దరువు తిక్కనది. విరాటపర్వంలో ద్రౌపది కీచకుడితో "దుర్వారోద్యమ బాహువిక్రమ" అని ఎత్తుకుంటుంది చూడండి. అది చదువుతుంటే నాకు ఇప్పటికీ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. రెండు పాదాలు ఊపిరి తిప్పుకోనివ్వని సమాసం, చివర్న "తథ్యం బెమ్మెయిం గీచకా!" సరళాదేశం (క, గ అయ్యే సంధి) వంకతో వాడి 'కీ'ని కూడా 'గీ'గా నలిపేశాడు మహానుభావుడు.

శాసనప్రియ: వ్యాకరణం ప్రకారం రావాల్సిందే వచ్చింది, నలపడమేముంది?

ఛందోభంగం: వ్యాకరణం అందరికీ ఉంది. తిక్కన ఒక్కడే.

తెనాలికోడలు: కానీ ఆ ద్రౌపదికి బెదిరించడానికి ఒక్క కీచకుడు, చెప్పుకోవడానికి ఐదుగురు గంధర్వులు. ఈవిడ ఒక్కణ్ణి పేరు పెట్టి తిట్టదు, ఎదురుగా క్లాసు మొత్తం ఉంది. చివరికి గొడ్డలీ తానే పట్టాలి. అందుకే నీత అంటున్నా.

పాతబస్తీ: సరే, నీతే అనుకుందాం. మరి అదే పాటలో "రక్తాశ్రులు" ఏమిటి? 'అశ్రువులు' కదా ఉండాలి?

ఛందోభంగం: బాణీకి ఒక అక్షరం ఎక్కువైంది, తీసేశారు.

పాతబస్తీ: ఇందాక గుడి పెట్టడానికి ఒప్పుకోని వేటూరి ఇక్కడ ఏకంగా 'వు' ఎగరగొట్టారా?

బీచ్‌రోడ్డు: ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ విన్నాను. ఈసారి 'నీతి' అనే వినిపించింది.