ఒకే తలుపు సందులోంచి రెండు ఫొటోలు: పెట్టొచ్చా, పెట్టకూడదా?

వనస్థలిపురం వాసి:
పోయిన ఆదివారం పిల్లల్ని తీసుకుని ఊరి చివర ఉన్న ఒక పార్కుకి వెళ్లాం. పేరు రాయను. మధ్యాహ్నం మూడున్నరప్పుడు ఫుడ్ కోర్టు పక్కన నిలబడి చిన్నదానికి ఫ్రెంచ్ ఫ్రైస్ తినిపిస్తున్నాను. ట్రాలీ బయటికి రావడానికి పక్క తలుపు తీశారు, సామాను దింపేదాకా అలాగే వదిలేశారు. ఎడమవైపు ఫ్రయ్యర్, అందులో నూనె కాఫీ డికాషన్ రంగులో ఉంది. కుడివైపు పొద్దున మా పిల్లలు కౌగిలించుకుని ఫొటో దిగిన ఎలుగుబంటి. మెడ దాకా ఎలుగుబంటి, పైన పాతికేళ్ల కుర్రాడు. బోర్లించిన పాల క్రేటు మీద కూర్చుని స్టీలు డబ్బాలో పెరుగన్నం తింటున్నాడు. ఎలుగు తల నేల మీద ఉంది, దాని మీద తడి తువ్వాలు ఆరేసుకున్నాడు.

రెండూ ఫొటో తీశాను. రాత్రి మా పార్కు అభిమానుల గ్రూపులో పెట్టాను. తెల్లారేసరికి సగం మంది శభాష్ అన్నారు, సగం మంది తిట్టిపోశారు. పిల్లల సరదా చెడగొట్టానని ఒకరు, ఒకడి ఉద్యోగం మీదికి తెచ్చానని ఇంకొకరు. కుర్రాడి ముఖం స్పష్టంగానే ఉంది, ఆ మాట దాచను. టికెట్ కొన్నాం, తిండి కొన్నాం. కంటికి కనబడింది చూపిస్తే తప్పా?

నుమాయిష్ పిచ్చోడు:
తప్పేం లేదక్కా. అసలు మన ఊళ్లో తిండికి తెరవెనుక అంటూ ఎక్కడుంది? రంజాన్‌లో హలీం భట్టీ రోడ్డు పక్కనే కడతారు. పెద్ద దేగ్ గిన్నె అందులో దించి, ఇద్దరు మనుషులు చెమటలు కక్కుకుంటూ ఘోట్నీ కర్రలతో దంచుతుంటే మనం ఎదురుగా నిలబడి చూస్తాం. 2010లో హైదరాబాద్ హలీంకి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు వచ్చిందంటే అందులో ఆ దంచుడుకీ వాటా ఉంది. 1938లో మొదలైన నాంపల్లి ఎగ్జిబిషన్, అదే మన నుమాయిష్‌నే తీసుకో. జెయింట్ వీల్ దిగి, కళ్లు తిరుగుతూనే మిర్చి బజ్జీ బండి దగ్గరికి వెళ్తే మూకుడు మన ముక్కు ముందే ఉంటుంది. నూనె నచ్చకపోతే పక్క బండికి పోతాం. పార్కులో ఆ వీలు లేదు. లోపలికి వెళ్లాక వాళ్లు పెట్టిందే తినాలి. అలాంటప్పుడు తలుపు సందులోంచి చూసే హక్కు కూడా లేదంటే ఎలా?

పాప్‌కార్న్ బకెట్:
నేను ఒప్పుకోను. మా అక్కావాళ్లు ఫ్లోరిడాలో ఉంటారు, డిస్నీకి రెండుసార్లు వెళ్లొచ్చాను, నాకు ఈ పిచ్చి ముదిరిపోయింది. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో ఒకసారి కౌబాయ్ వేషంలో ఉన్న ఉద్యోగి, భవిష్యత్ లోకంలా కట్టిన భాగం గుండా నడిచిపోతుంటే వాల్ట్ డిస్నీకి తెగ చిరాకేసిందని చెప్తారు. అందుకే 1971లో ఫ్లోరిడాలో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఉద్యోగులు తిరగడానికి కిందే వేరే దారులు కట్టారు. సొరంగాలంటారు గానీ తవ్వినవి కావు. అక్కడ కాస్త తవ్వితే నీళ్లు. అందుకని వాటిని నేలమట్టం మీదే కట్టి, పక్కన చెరువు తవ్వినప్పుడు వచ్చిన మట్టి చుట్టూ పోసి, పార్కుని వాటి నెత్తిన పెట్టారు. జనం తిరిగేది నిజానికి పై అంతస్తులో. ఉద్యోగుల క్యాంటీన్ కూడా కిందే, దాని పేరు మౌస్కెటేరియా. డబ్బు కడితే గైడ్‌ని పెట్టి ఆ దారులు చూపిస్తారు, కానీ అక్కడ ఫొటోలు తీయనివ్వరు. చూసొచ్చిన అభిమానులు నోటితో చెప్పుకుంటారు, గంటలు గంటలు చెప్పుకుంటారు. అదో మర్యాద. ఎలుగుబంటి తల తీసిన ఫొటో పెట్టడం ఆ మర్యాద తప్పడమే.

నుమాయిష్ పిచ్చోడు:
అమెరికా దాకా ఎందుకు బ్రదర్, అబ్దుల్లాపూర్‌మెట్ దాటితే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. 1996 నుంచి వాళ్ల వ్యాపారంలో సగం తెరవెనుకే కదా. ఒకే బిల్డింగ్‌కి ఒక్కో వైపు ఒక్కో ముఖం కట్టి, బస్సులో తిప్పుతూ మరీ చూపిస్తారు. ప్రేక్షకుల్లోంచి ఒకావిడను పిలిచి గుర్రబ్బండి ఎక్కించి, ఉత్తుత్తి సీను తీసి, దానికి సౌండు కలిపి తెర మీద వేస్తారు. మా అత్తమ్మ ఎక్కింది. ఇప్పటికీ ఇంటికెవరొచ్చినా ఆ కథే. గుట్టు తెలిసింది కదా అని ఆమెకి సినిమా మీద మోజు తగ్గిందా? తగ్గలేదు. వాళ్ల తెరవెనుక వాళ్లే చూపిస్తే వినోదం, మేం చూస్తే నేరమా?

పాప్‌కార్న్ బకెట్:
ఆ గుర్రబ్బండి తెరవెనుక కాదు, అదీ ఒక షోనే. రిహార్సల్ చేసుకుని మీ ముందు పెట్టింది. క్రేటు మీద కూర్చున్న కుర్రాడు రిహార్సల్ చేసుకుని పెరుగన్నం తినడం లేదు.

ఇంకో మాట. సగం చూసి ఊహించుకుంటే ఏమవుతుందో చెప్తాను. డిస్నీ పార్కుల్లో టర్కీ కోడి కాలు అమ్ముతారు, మన మోచేతి అంత ఉంటుంది. కోసి చూస్తే లోపల గులాబీ రంగు, రుచి పంది మాంసంలా. ఇంకేం, అది టర్కీ కాదు ఈమూ పక్షి అని పుకారు పుట్టింది. ఏళ్ల తరబడి తిరిగింది. అసలు సంగతి ఏమిటంటే దాన్ని ఉప్పు ద్రావణంలో ఊరబెట్టి పొగ పట్టిస్తారు, అందుకే ఆ రంగు.

నూనె మూకుడు:
రంగు మాట వచ్చింది కాబట్టి నేనూ నోరు విప్పుతాను. పదకొండేళ్లు క్యాటరింగ్ కిచెన్లలో పనిచేశాను, అందులో రెండేళ్లు ఇలాంటి పార్కులోనే. మేడమ్, మీ ఫొటోలోని నూనె చెడిపోయిందని రంగు చూసి చెప్పలేం. మసాలా పట్టించిన చికెన్ నాలుగు వాయిలు వేయించండి, పొద్దున పోసిన నూనె కూడా మధ్యాహ్నానికి డికాషన్ అవుతుంది. ఉత్త ఆలూ వేయించిన నూనె రెండు రోజులైనా లేతగా కనబడొచ్చు, లోపల మాత్రం చచ్చిపోయి ఉంటుంది.

కొలిచే లెక్క వేరే ఉంది. నూనెని పదేపదే కాచినప్పుడు పుట్టే పదార్థాలను టోటల్ పోలార్ కాంపౌండ్స్ అంటారు. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన, 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దానికి మీటరుంటుంది. థర్మామీటరులా పుల్లని కాగే నూనెలో ముంచితే అంకె చూపిస్తుంది. రోజుకి 50 లీటర్లు దాటి వేయించే వాళ్లు ఎంత పోశాం, ఎంత పారేశాం అని రిజిస్టరు రాయాలి, పాత నూనెని అనుమతి ఉన్న వాళ్లకే ఇవ్వాలి. బయోడీజిల్‌కి పోతుంది అది.

వనస్థలిపురం వాసి:
మీటరు మీ దగ్గరుంటుంది, నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండదు కదండీ. మరి మాలాంటి వాళ్లకు తెలిసేదెలా?

నూనె మూకుడు:
న్యాయమైన ప్రశ్న. రంగు కంటే నురగ చూడండి. సరుకు వేసినప్పుడు నురగ రావడం మామూలే, తీశాక కూడా సబ్బు నురగలా పొంగుతూ ఉంటే అనుమానించండి. మంట పెద్దగా లేకపోయినా పొగ రావడం ఒకటి. తిన్నాక పెదాలకి జిగురు అంటుకోవడం, గొంతులో గర్‌గర్‌మనడం.

మీ ఫొటోని వెనకేసుకొచ్చే మాట కూడా ఒకటి చెప్తాను. నేను చేసిన ఒక చోట, పేరు అనవసరం, రాత్రి నూనె వడగట్టి అడుగున మడ్డి తీసేయాలి. ఆదివారాలు రద్దీ. పన్నెండింటికి కిచెన్ మూస్తే ఎవడు తీస్తాడు? పొద్దున అదే దాంట్లో కొత్త డబ్బా గుమ్మరించేవాళ్లం. పాత నూనె కొత్తదాన్ని కూడా తొందరగా చెడగొడుతుంది. నేనూ గుమ్మరించాను. పెద్దాయనకి చెప్తే "తినేవాళ్లకి తెలుస్తుందా?" అన్నాడు. మీటరు ఉండేది. ఆఫీసు బీరువాలో, ప్యాకింగ్ విప్పకుండా.

అందుకే కిచెన్ ఫొటో తీయడం తప్పని అనను. తీసి గ్రూపులో పెట్టి ఊరుకోవడమే దండగ. కౌంటరు దగ్గర 14 అంకెల లైసెన్స్ నంబరు కనబడేలా పెట్టాలి, అదీ ఒక ఫొటో తీసుకుని రెండూ కలిపి ఫుడ్ సేఫ్టీ వాళ్లకి పంపండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అని యాప్ ఉంది. వాళ్లు వచ్చి శాంపిల్ తీస్తే గానీ మీ డికాషన్ సంగతి తేలదు.

నుమాయిష్ పిచ్చోడు:
అన్నా నువ్వు చెప్పింది బాగుంది గానీ, గ్రూపులో పెడితేనే కదలిక వస్తుంది. 2024లో ఇక్కడ మొమోలు తిని ప్రాణం పోయిందాకా పచ్చిగుడ్డు మయోనైజ్ గురించి ఎవడికి పట్టింది? అక్టోబర్ 30న ఏడాది నిషేధం పెట్టారు. అంతకు ముందు మనమంతా షవర్మా మీద ఎక్స్‌ట్రా వేయించుకుని తిన్నాం.

ఇంకోటి, బకెట్ బ్రదర్ డిస్నీ అంటున్నాడు కాబట్టి డిస్నీదే చెప్తా. డోరిటోస్ చిప్స్ పుట్టింది డిస్నీల్యాండ్‌లోని ఒక మెక్సికన్ హోటల్లోనే. మిగిలిపోయిన టోర్టియా రొట్టెలు చెత్తలో పడేస్తుంటే, సరుకు తెచ్చే సేల్స్‌మన్ చూసి "పారేయకండి, ముక్కలు చేసి వేయించండి" అన్నాడట. జనం ఎగబడ్డారు. 1966లో అమెరికా అంతా అమ్మకానికి వచ్చింది. బయటివాడు వంటింట్లోకి తొంగిచూడబట్టే కదా!

పాప్‌కార్న్ బకెట్:
ఆ సేల్స్‌మన్ టోర్టియాలు చూశాడు, వంటవాడి ముఖం ఊరంతా చూపించలేదు.

మాజీ టెడ్డీ:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నూనె గురించి నాకేం తెలియదు. ఇంటర్ అయిపోయిన వేసవిలో ఒక మాల్‌లో టెడ్డీ వేషం వేశాను, నలభై రోజులు. అందరూ తల కళ్లలోంచి చూస్తామనుకుంటారు. కాదు. నోటి దగ్గర నల్ల జాలీ ఉంటుంది, అందులోంచి చూడాలి. కనబడేది ఎదుటి మనిషి నడుము, పిల్లల నెత్తి, అంతే. నుదుటికి కట్టిన గుడ్డ పది నిమిషాల్లో తడిసి కళ్లలోకి కారుతుంది, తుడుచుకోవడానికి చెయ్యి లోపలికి పోదు. బొమ్మే కదా అని ఎనిమిదేళ్ల పిల్లాడు కడుపులో గుద్దితే నవ్వే ముఖంతో వంగాలి. ముఖం ఎలాగూ నవ్వుతూనే ఉంటుంది, దాన్ని కుట్టిందే అలా. తలకాయ లోపల వాసన గురించి రాయను, భోజనాల వేళ.

వేషం తడిసి ఒంటికి అంటుకుపోతే పూర్తిగా విప్పడానికి టైమ్ ఉండదు. తల ఒక్కటే తీసి తినేవాణ్ని, ఆ ఫొటోలో తమ్ముడిలాగే. నేను ఆ పని చేస్తున్నట్టు మా ఇంట్లో తెలియదు. షోరూంలో బిల్లింగ్ అని చెప్పాను. అప్పుడు ఎవరైనా ఫొటో తీసి పెట్టి ఉంటే మా అమ్మ ఫోన్‌కి వచ్చేది. ఏడ్చేది. ఆ పని తక్కువని కాదు, నేను చెప్పలేదని.

అక్కా, మీరు టికెట్ కొన్నారు, నిజమే. అందులో అతని షో ఉంది. భోజనం లేదు.

వనస్థలిపురం వాసి:
తమ్ముడూ, ఇది చదివిన వెంటనే ఆ ఫొటో తీసేశాను. కానీ అప్పటికే ఎంతమంది దాచుకున్నారో, ఎంతమందికి పంపారో. ఒకతను దాని మీద "సండే మూడ్" అని రాసి తిప్పుతున్నాడు, ఇప్పుడే చూశాను.

గుడిమల్కాపూర్ గులాబీ:
ముఖం మసక చేసి పెడితే సరిపోయేది కదా? పనివాళ్లకి భోజనం గది లేదు, క్రేటు మీద కూర్చుని తింటున్నారు అన్న సంగతి కూడా బయటికి రావాలి. నూనె ఎంత ముఖ్యమో అదీ అంతే.

మాజీ టెడ్డీ:
అలా రాస్తే సంతోషం. కానీ నిన్న వచ్చిన కామెంట్లలో క్రేటు గురించి ఒక్కరైనా మాట్లాడారా? అందరూ ఎలుగుబంటి పెరుగన్నం అని నవ్వారు. మసక చేసినా ఆ పార్కులో ఆ వేషం ఆ రోజు ఎవరు వేశారో సూపర్‌వైజర్‌కి తెలియదా?

లాయరుగారబ్బాయి:
మా నాన్న లాయరు, నేను కాదు, కాబట్టి దీన్ని సలహాగా తీసుకోకండి. అసలు గొడవంతా బయటి తిండి రానివ్వకపోవడం దగ్గర మొదలైంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు సినిమా హాళ్ల విషయంలో, బయటి తిండి వద్దనే హక్కు యజమానికి ఉందని చెప్పింది. తాగే నీళ్లు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల తిండి తెచ్చుకోనివ్వాలి అని కూడా అంది. అది హాళ్ల సంగతి. పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ అతను అదే తీర్పు తన జేబులో ఉన్నట్టు మాట్లాడతాడు. ఫ్లోరిడా డిస్నీలో మాత్రం ఇంటి తిండి పట్టుకెళ్లొచ్చు. టోక్యో డిస్నీలో కుదరదు, గేటు బయట కూర్చుని తినడానికి చోటు చూపిస్తారు. పులిహోర డబ్బా లోపలికి రానిచ్చే చోట ఫ్రయ్యర్ ఏ రంగులో ఉంటే మనకేంటి?

పాప్‌కార్న్ బకెట్:
టర్కీ కాలు తినడానికి అంత దూరం పోయి పులిహోర తిన్న మా బావని చూశాను. ఆయనకి ఈ థ్రెడ్ పంపుతున్నాను.

నూనె మూకుడు:
మనకేంటి అంటే ఎలా బాబూ, డబ్బా తెచ్చుకోలేని వాళ్లు ఉంటారు. స్కూలు పిల్లలు బస్సుల్లో వస్తారు, వందల ప్లేట్లు పొద్దున్నే వండి పెడతారు. నాకు నూనె కంటే అదే భయం. వండిన అన్నం, కూర 60 డిగ్రీల పైన వేడిగా అయినా ఉండాలి, 5 కంటే కిందకి చల్లగా అయినా ఉండాలి. మధ్యలో గోరువెచ్చగా రెండు మూడు గంటలు ఉన్నదే కొంప ముంచుతుంది. దాన్ని ఏ ఫొటో పట్టుకోలేదు. చూడ్డానికి నిగనిగలాడుతూనే ఉంటుంది.

వనస్థలిపురం వాసి:
నూనె ఫొటో అలాగే ఉంచాను. కింద మూకుడుగారు చెప్పిన మాట కూడా రాశాను, రంగుని బట్టి చెడిపోయిందని అనలేమని. బిల్లు మీద లైసెన్స్ నంబరు దొరికింది, యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. పార్కు వాళ్లకి కూడా మెయిల్ రాశాను, అందులో ఎలుగుబంటి ఊసు ఎత్తలేదు. సిబ్బంది కూర్చుని తినడానికి బల్లలు వేయించమని మాత్రం ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం వల్ల అతని మీదికి ఏమన్నా వస్తుందా అని పంపాక టెన్షన్ పట్టుకుంది.

"సండే మూడ్" అతనికి మెసేజ్ పెట్టాను. చూశాడు, జవాబివ్వలేదు.

నుమాయిష్ పిచ్చోడు:
అక్కా, నేను ఇప్పటికీ రెండూ ఉంచాల్సిందనే అంటాను. కానీ ఆ "సండే మూడ్" నా ఫోన్‌లో కూడా ఉంది. డిలీట్ కొట్టా.

కొత్త సభ్యుడు:
అందరికీ నమస్కారం. వచ్చే శనివారం మేం ఎనిమిది మందిమి పిల్లలతో అదే దారిలో ఉన్న పార్కుకి వెళ్తున్నాం. పులిహోర, దద్దోజనం లోపలికి రానిస్తారా?

లాయరుగారబ్బాయి:
రానివ్వకపోవచ్చు. పసిబిడ్డ ఉంటే బిడ్డ డబ్బా విడిగా చూపించండి, గేటు దగ్గర గొడవ తగ్గుతుంది. మిగతాది పార్కింగ్‌లోనే తినేసి వెళ్లండి. ఎండెక్కక ముందే.