సెనెకా అంత సంపద పెట్టుకుని తృప్తి గురించి చెప్పొచ్చా?

వెన్నెల:
రోమన్ తత్వవేత్త సెనెకా తన మిత్రుడు లూసీలియస్‌కి రాసిన ఉత్తరాలు చదువుతున్నాను. రెండో ఉత్తరంలో, తక్కువ ఉన్నవాడు పేదవాడు కాదు, ఇంకా కావాలని ఆరాటపడేవాడే పేదవాడు అంటాడు. అలా రాసినాయన నీరో చక్రవర్తికి గురువు, సలహాదారు. క్రీ.శ. 58లో సుయిలియస్ అనే ఆయన నిలదీశాడు: నాలుగేళ్ల రాజస్నేహంలో 30 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) కూడబెట్టడం ఏ తత్వం నేర్పింది అని. అప్పటి రోమన్ సిపాయి ఏడాది జీతం 900 సెస్టర్సులు. నాకివి శ్రీరంగనీతుల్లాగే ఉన్నాయి.

కృష్ణాతీరం:
సుయిలియస్ ఎవరో కూడా చెప్పాలి కదండీ. నీరోకి ముందు చక్రవర్తి అయిన క్లాడియస్ కాలంలో ఎందరి మీదో నేరాలు మోపినవాడు. ఆ ఏడాదే అతనికి దేశబహిష్కరణ శిక్ష పడింది. పైగా 62లో సెనెకా తనంతట తానే వెళ్లి ఆస్తి వెనక్కి తీసుకోమని నీరోని అడిగాడు. నీరో ఒప్పుకోలేదు. ఆ మాట ఎవరూ ఎత్తరు.

పాతపుస్తకం:
ఆస్తి ఎంత అన్నదాని మీద వాదించుకుంటే ఎక్కడికీ తేలదు. అన్న గాలియోకి రాసిన 'సుఖజీవనం'లో సెనెకాయే కొలబద్ద ఇచ్చాడు: జ్ఞానికి సంపద ఉండొచ్చు, కానీ అది ఎవరి దగ్గరా లాక్కున్నది కాకూడదు, పరుల రక్తం అంటినది కాకూడదు. ఆయన్ని దీంతోనే కొలుద్దాం. బ్రిటన్ వాళ్లకి వద్దన్నా 4 కోట్ల సెస్టర్సులు వడ్డీకి అంటగట్టి, తర్వాత ఒక్కసారిగా కఠినంగా వసూలు చేశాడని చరిత్రకారుడు డయో రాశాడు. అక్కడి రాణి బౌడికా రోమన్ల మీద చేసిన తిరుగుబాటుకి అదొక కారణమంటాడు. అదే నిజమైతే సెనెకా తన కొలబద్దకే ఓడిపోయాడు. అప్పులవాడు గుమ్మంలో నిలబడితే ఇంట్లో ఏమవుతుందో తెలిసినవాళ్లెవరూ దీన్ని చిన్న విషయం అనరు. అయినా కొలబద్ద తప్పు కాదు. నాకు కావాల్సింది అదే.

వెన్నెల:
అలాగైతే ఇంకో తత్వవేత్త ఎపిక్టిటస్‌ని చదవచ్చు కదా? బానిసగా పుట్టినవాడు. ఇంట్లో ఇనుప దీపం దొంగ ఎత్తుకుపోతే, రేపటికి మట్టిది పెట్టుకుంటానన్నాడు. 18వ ఉత్తరంలో సెనెకా చెప్పే సాధన, అంటే కొన్నాళ్లు ముతకబట్ట, చవక తిండితో గడపడం, తిరిగి వెళ్లడానికి ఇల్లు ఉన్నవాడికి సులువే. బానిసకి ఆ గడువు లేదు.

కృష్ణాతీరం:
ఎపిక్టిటస్ గొప్పవాడే, కాదనను. కానీ 87వ ఉత్తరం చూడండి. సెనెకా నాటుబండిలో, ఎండు అంజీరపండ్లతో ప్రయాణిస్తూ, దర్జాగా వెళ్లేవాళ్లు ఎదురైతే తనకి సిగ్గేసిందని రాసుకున్నాడు. డబ్బున్నవాడి మనసులోని ఈ జబ్బు ఎపిక్టిటస్ దగ్గర దొరకదు. ఇక పాతపుస్తకం గారూ, డయో రాసింది ఆ సంఘటనలకి నూరేళ్లు దాటాక. బౌడికా తిరుగుబాటుకి కారణాలు వివరంగా చెప్పిన రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ఈ అప్పు ఊసే ఎత్తలేదు. డయో కాకుండా ఇంకో సాక్ష్యం ఉంటే పెట్టండి, చదువుతాను.