పొరుగువాడికా, పొరుగువారికా?

గజపతి జిల్లా సభ్యురాలు: పల్లిసభ (మా ఊరివాళ్లంతా కూర్చునే సభ) తీర్మానాలు, ఇళ్లు మంజూరైనవాళ్ల జాబితా పంచాయతీ గోడకి అంటించాలనీ, సభకొచ్చిన ఆడవాళ్లని పేరుపేరునా రిజిస్టర్లో రాయాలనీ మా ఆడవాళ్లం అర్జీ పెడుతున్నాం. అర్జీ ఒడియాలోనే. బ్యానర్ మీద మాత్రం గురజాడ ‘దేశభక్తి’ పాదం తెలుగులో వేద్దామని. "సొంత లాభం కొంత మానుకు, పొరుగు..." దగ్గర ఆగిపోయాం. ‘వాడికి’ అని నాకు గుర్తు. మా అక్క ‘వారికి’ అంటోంది. రేపు ప్రెస్సుకివ్వాలి.

బరంపురం మాస్టారు: ‘వాడికి’. సందేహం అక్కర్లేదమ్మా. ‘మానుకొని’ అని మాత్రం వేయించకండి, చాలామంది అలాగే రాస్తారు. ‘కొంత మానుకు’ ఏడు మాత్రలు. ‘మానుకొని’ అంటే ఎనిమిదై నడక చెడుతుంది.

రాయగడ: ‘మానుకొని’ సంగతి ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ ఆవిడ అడిగింది మాత్రలతో తేలదు. ‘వాడికి’, ‘వారికి’, ‘వానికి’ మూడూ నాలుగేసి మాత్రలే.

బరంపురం మాస్టారు: మాత్రలతో తేలకపోతే నుడితో తేలుతుంది. పక్కింటివాణ్ణి వీధిలో ఎవరు ‘వారు’ అంటారు? గురజాడ గిడుగు వారి సహాధ్యాయి, వాడుక భాష కోసం ఆయనతో కలిసి నిలబడ్డ మనిషి. ‘వారికి’ అనేది తర్వాతివాళ్లు మర్యాద కోసం దిద్దింది అని నా గట్టి నమ్మకం.

పర్లాకిమిడి: గిడుగు మాటొచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆయన మా ఊళ్లో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు, సవరలకి చదువు చెప్పించారు, నిఘంటువు కూర్చారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన ఉండుంటే ఆ బ్యానర్ మీద సవరలో ఒక వరుస కూడా వేయమనేవారు. వేయండి తల్లీ. ఆ సభలో కూర్చునేవాళ్లలో సవర ఆడవాళ్లూ ఉంటారు కదా.

సిరొంచ: ‘వాడికి’ ఒక్కటే పట్టుకున్నారేం? "దేశమును ప్రేమించుమన్నా"లో అన్నా, "అన్నదమ్ముల వలెను", ఆ పైన ఓయ్. పిలుపంతా మగవాళ్లకే. ఆడవాళ్ల పేర్ల కోసం పెట్టే అర్జీకి ఇదేనా దొరికింది? "దేశమంటే మనుషులోయ్" వేయండి. మనిషి అంటే అందరూ. మా మహారాష్ట్రలో గ్రామసభకి ముందు మహిళాసభ జరపాలని చట్టంలోనే ఉంది. దాన్ని జరిపించడానికీ మా ఆడవాళ్లు వెంటపడాల్సివచ్చింది.

రాయగడ: ‘ఓయ్’ మగపిలుపని ఎవరన్నారు? మా అమ్మమ్మ నన్ను ‘ఓయ్ పిల్లా’ అనే పిలిచేది.

బరంపురం మాస్టారు: అది ముద్దు. వ్యాకరణం వేరు.

గజపతి జిల్లా సభ్యురాలు: మా రిజిస్టర్ ఎలా ఉందో చెబుతాను. మగవాళ్లకి వరుసగా పేరు, తండ్రి పేరు, సంతకం. కింద అడ్డగీత. గీత కింద ‘మహిళలు’ అని ఒక్క మాట, దాని పక్కన ఒకదానిమీద ఒకటి పడ్డ వేలిముద్రలు. ఏది ఎవరిదో పెట్టినవాళ్లకే తెలియదు. 2012 నుంచి ఒడిశా పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. అటవీ హక్కుల గ్రామసభకైతే వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. పేర్లే లేకపోతే ఎంతమంది వచ్చారని ఎవరు తేలుస్తారు?

పర్లాకిమిడి: అయితే మీకు కావలసింది గురజాడ ‘పూర్ణమ్మ’. "నలుగురు కూర్చుని నవ్వే వేళల నా పేరొకపరి తలవండి". పెళ్లి పేరుతో ముసలివాడికి అమ్ముడుపోయిన పిల్ల పోతూపోతూ అడిగింది పేరే. చదివిన ప్రతిసారీ నాకు ఆ ‘ఒకపరి’ దగ్గర గొంతు పట్టేస్తుంది.

సిరొంచ: ‘ఒకపరి’యా, ‘ఒకతరి’యా? నాకు ‘తరి’ అని గుర్తు.

బరంపురం మాస్టారు: ‘పరి’. పరి అంటే సారి. తరి అంటే సమయం. ‘వేళల’ అన్నాక మళ్లీ తరి ఎందుకు?

రాయగడ: అమ్మా, అర్జీతో పాటు ఆ రిజిస్టర్ నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి. మన ఒడిశాలో ఫారం ‘ఏ’ నింపాలి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. రసీదు మాత్రం పోగొట్టుకోకండి. ఇక ‘తరి’ మాట: సమయం మీద సమయం పడటం మన కవిత్వంలో తప్పేమీ కాదు మాస్టారూ.

గజపతి జిల్లా సభ్యురాలు: ఫారం సంగతి రేపే చూస్తాను. బ్యానర్ గుడ్డ ఆరడుగులే, ఏదో ఒక పాదమే పడుతుంది. ‘వాడికి’ అయితే అక్క పట్టుకోనంటోంది.