జైలు నుంచి వచ్చిన తమ్ముడికి ఓటీపీ కష్టాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

బరంపురం అక్క
మా తమ్ముడు మూడేళ్ల శిక్ష పూర్తిచేసుకుని పోయిన నెల ఇంటికొచ్చాడు. పాత సిమ్ ఎప్పుడో ఆగిపోయింది, ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరిదో. బ్యాంకుకెళ్తే కేవైసీ అంటారు, కేవైసీకి ఆధార్ ఓటీపీ అంటారు, ఆ ఓటీపీ ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోనుకి పోతోంది. పట్టుచీరల మగ్గం పని వచ్చినవాడు. కూలి అకౌంట్లోనే వేస్తామంటున్నారు. రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. చూడలేకపోతున్నాను.

గుణుపురం వాసి
అక్కా, ముందు సిమ్. 90 రోజులు వాడకపోతే నంబరు ఆపేసి, తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. పాతదాని మీద ఆశ వదిలేయండి. కొత్తది తమ్ముడి పేరు మీదే తీయించండి, మీ పేరు మీద వద్దు. ఆధార్ కేంద్రంలో పాత నంబరు లేకపోయినా వేలిముద్రతో కొత్తది కలుపుతారు. మా బావ జైలు నుంచి వచ్చినప్పుడు మూడుసార్లు పెట్టినా వేలు పడలేదు. బొటనవేలు లుంగీకి తుడుచుకుంటూ, ఇదీ తన తప్పే అన్నట్టు నావైపు చూశాడు. చివరికి కళ్లు స్కాన్ చేశారు, అయిపోయింది.

రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుంది. మళ్లీ తెరవడానికి చార్జీ తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. పాత నంబరు తీసేయమని బ్యాంకులో కాగితం మీద రాసివ్వండి, ఇది మర్చిపోవద్దు.

పర్లాకిమిడి నుంచి
నా కేసు కోర్టు కొట్టేసింది. అయినా పనికి వెళ్తే 'జైలుకెళ్లొచ్చినవాడు' అన్నారు. కోర్టు కేసులు చూసుకునే ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ ఒకటి ఉంటుంది, అంకెలూ అక్షరాలూ కలిపి 16) కొడితే కేసు వివరాలన్నీ వచ్చాయి. తీర్పు ప్రింట్ తీసి, మడతలు చిరిగేదాకా చొక్కా జేబులోనే పెట్టుకు తిరిగాను. మూడో షాపు యజమాని పూర్తిగా చదివి పనిలో పెట్టుకున్నారు. అదే యాప్‌లో నా పేరు వెతికితే ఎవరికైనా ఆ కేసు కనపడుతుంది, ఆ బాధ మాత్రం ఉంది.

లాయరు సలహా కావాలంటే 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవల సంస్థ వాళ్లది.

బరంపురం అక్క
సిమ్ వచ్చింది. మొదటి కాల్ అమ్మకి చేశాడు, అమ్మ పక్క వంటింట్లోనే ఉంది. ఇద్దరూ ఫోన్లోనే మాట్లాడుకున్నారు. ఆధార్‌లో కలపడానికి కూడా ఇచ్చేశాం. బ్యాంకు కాగితం ఒడియాలోనే రాయాలా?

గుణుపురం వాసి
మా దగ్గర ఇంగ్లిష్‌లో రాసినా తీసుకున్నారక్కా. రెండు కాపీలు పట్టుకెళ్లండి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.