జోంగా మన బండా, నిస్సాన్ బండా?

బెంగళూరులో ఉంటాను. శివాజీనగర్‌లో ఒక గ్యారేజీ ముందు పాత మిలిటరీ జోంగా జీపు కనబడింది. మేస్త్రీ బానెట్ ఎత్తి చూపించాడు, లోపల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, ఇంత పొడుగు! ఇది జబల్‌పూర్ బండి అంటాడాయన, మా బావేమో నిస్సాన్ అంటాడు. ఏది నిజం?

↳ ఇద్దరూ కరెక్టే బ్రో. నిస్సాన్ వాళ్ళ ప్యాట్రోల్ పీ60 అనే జీపుకి లైసెన్సు తీసుకుని 1969 నుంచి 1999 దాకా జబల్‌పూర్ వెహికిల్ ఫ్యాక్టరీలో ఆర్మీ కోసం తయారుచేశారు. ఇంజిన్ దాదాపు 4 లీటర్లు, మైలేజీ మాత్రం అడక్కు. జర్మనీ మ్యాన్ కంపెనీ లైసెన్సుతో వచ్చిన శక్తిమాన్ లారీలదీ జబల్‌పూరే.

↳ అసలు ఆ ప్యాట్రోల్ కూడా 1951లో అమెరికా జీపును చూసి పుట్టిందే కదండీ! నాకైతే విల్లీస్ సీజే3బీ అనే అమెరికా జీపు కథే ఇష్టం. ఇన్‌టేక్ వాల్వులు పైనుండే హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు కిందుండే బ్లాక్‌లో ఉండే హరికేన్ ఇంజిన్ ఎత్తు ఎక్కువైంది, అది పట్టడానికి బానెట్ పైకి లేపారు. అదే మోడల్ తయారుచేసిన మన మహీంద్రా జీపుల్లో ఆ ఎత్తు ముక్కు అందుకే వచ్చింది, అటు జపాన్‌లో మిత్సుబిషి కూడా 1953లో లైసెన్సు తీసుకుని జీపులు మొదలుపెట్టి 1998 దాకా వదల్లేదు.

↳ చరిత్ర సరే, కొనే ఆలోచన ఉంటే ముందు ఆర్‌సీ చూడు తమ్ముడూ. పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్‌ది పెట్టిన బండయితే అది ఆర్‌సీలో ఎక్కిందో లేదో చూశాకే అడ్వాన్స్ ఇవ్వు.