అప్‌డేట్: నా నవలలో ఆ ఇద్దరి ప్రేమ ఇప్పటికి కుదిరింది

అణుయుద్ధంలో బతికి బయటపడ్డ ఇద్దరు పందొమ్మిదేళ్ల వాళ్ల ప్రేమకథ రాస్తున్నానని, చుట్టూ అంత చావు పెట్టుకుని వాళ్లు ప్రేమలో పడితే పాఠకులు నమ్ముతారా అని పోయిన నెల అడిగాను కదా. "ముందు వాళ్లను ఒకచోట ఉంచండి, తొందరపెట్టకండి" అన్నవాళ్లందరికీ చాలా థాంక్స్. అదే పనిచేసింది.

ఒకచోట ఉంచడానికి కారణం సైన్సే ఇచ్చింది. పేలుడయ్యాక గంటకు ఉన్న రేడియేషన్ తీవ్రత 7 గంటలకు సుమారు పదో వంతుకు, 49 గంటలకు నూరో వంతుకు, రెండు వారాలకు వెయ్యో వంతుకు పడిపోతుందట. అంటే నేలమాళిగలో 14 రోజులు, వాళ్లిద్దరే. ఇంతకన్నా ఏం కావాలి!

పాత డ్రాఫ్టులో మూడో పేజీకే ముద్దు పెట్టించేశాను. అది తీసేశాను. ఇప్పుడు ఆరో రోజు ఆ అమ్మాయి సీసా మూతతో నీళ్లు కొలుస్తుంది. అతనికి నాలుగు మూతలు, తనకు మూడు. అతను చూస్తాడు, ఏమీ అనడు. మర్నాడు కొలిచే వంతు అతనిది. ఆమెకు నాలుగు పోస్తాడు, తను మూడే తాగుతాడు. ఈ సీను రాస్తుంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ముగింపు మాత్రం ఇంకా తేలలేదు. అణుపేలుడు తర్వాత పైమట్టిలో మిగిలిపోయే సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గడానికే దాదాపు 30 ఏళ్లు పడుతుంది. వాళ్లకేమో అక్కడే విత్తనం వెయ్యాలని ఉంది. ప్రస్తుతానికి ఇద్దరూ పైమట్టి గీకి దూరంగా పోస్తున్నారు. అక్కడిదాకా రాశాను.