గుంపు వేటలో పాయింటర్ కుక్క ఎవరి మాట వినాలి?

హనుమకొండ వాసి (విశ్రాంత అధ్యాపకుడు):

నమస్కారం. మా ఇంట్లో తెగని ఒక తగువును మీ ముందు పెడుతున్నాను. మా పెద్దల్లుడు అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో స్థిరపడ్డాడు. అక్కడ ఏటా అక్టోబరు మూడో శనివారం నాడు ఫెజెంట్ పక్షుల వేట మొదలవుతుంది. ఫెజెంట్ మన అడవికోడికి దూరపు చుట్టం. పుంజుకు మెడ చుట్టూ తెల్లని పట్టీ, వెనుక పొడవైన తోక ఉంటాయి. అది ఆ నేలలో పుట్టిన పక్షి కాదు, ఆసియా నుంచి తీసుకెళ్లి వదిలినది. 1919లో మొదటిసారి వేటకు అనుమతి ఇచ్చారు. ఇప్పుడు అదే ఆ రాష్ట్ర పక్షి. రోజుకు మనిషికి మూడు పుంజులు మాత్రమే కొట్టాలి, పెట్టను ముట్టరాదు, పొద్దున పది గంటల కంటే ముందు తుపాకీ పేల్చరాదు.

పోయిన అక్టోబరులో నేను అక్కడే ఉన్నాను. నాకు లైసెన్సు లేదు కనుక తుపాకీ జోలికి పోలేదు, మక్క చేను చివర మట్టి రోడ్డు మీద బండి పక్కన నిలబడి చూశాను. మొత్తం ఏడుగురు. నలుగురు వరుసగా చేనులో నడుస్తూ పక్షులను ముందుకు తోలుతారు. ముగ్గురు అవతలి చివర కాపు కాస్తారు. కుక్క ఒక్కటే, మూడేళ్ల జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, ఆడది, పేరు రాణి. దాన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచి నేర్పించినవాడు మా అల్లుడే.

మొదటి సాలు సగం దాటగానే రాణి ఒక గడ్డిదుబ్బు ముందు బిగుసుకుని నిలబడిపోయింది. ముందరి కాలు ఒకటి లేచి ఉంది, తోక కర్రలా నిలిచింది. పాయింటర్ అనే పేరు రావడానికి కారణమైన ఆ నిలబాటు ఎంత ముచ్చటగా ఉంటుందో చూసినవారికే తెలుస్తుంది. అంతలో వరుసలోని ఒకరు "రాణీ, ఉండు" అన్నారు, ఇంకొకరు "పట్టు, పట్టు" అని ఉసిగొల్పారు, మూడో ఆయన ఈల వేశారు, మా అల్లుడు "ఆగు" అని కేక పెట్టాడు. అది తల తిప్పి ఒక్కొక్కరినీ చూసింది, రెండడుగులు వెనక్కి వేసింది. ఆ సందులో పుంజు మక్కకట్టెల మధ్య నుంచి పరుగెత్తి అరవై మీటర్ల అవతల లేచింది. అది తుపాకీకి అందే దూరం కాదు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో ముప్పావు గంట వాదన జరిగింది. గుంపులో ఉన్నప్పుడు కుక్కతో ఒక్కరే మాట్లాడాలని మా అల్లుడు అంటాడు. నలుగురితో కలిసి వచ్చిన కుక్క నలుగురి మాటా వినాలని, వినకపోతే అది నేర్పినవాడి లోపమని అతని మిత్రుడు అంటాడు. కుక్కలతో అనుభవం ఉన్నవారు ఏమంటారు?

ములుగు దారి:

మన దగ్గర నేరమైన పనిని గురించి మన వేదికలో ఇంత ముచ్చటగా చర్చించుకోవడం నాకు నచ్చలేదు. ఏటూరునాగారం అడవి పక్కన పుట్టినవాణ్ని, ఉచ్చులకు చిక్కి చచ్చిన జంతువులను చూసినవాణ్ని. అంతకంటే చెప్పేది లేదు.

నర్సంపేట పెద్దమనిషి:

తమ్ముడి బాధ న్యాయమైనదే. అయితే అడిగినాయన ఇక్కడి వేటను గురించి అడగలేదు, అక్కడ చట్టం ఒప్పుకున్న వేటలో కుక్కను నడిపే పద్ధతిని అడిగారు. చట్టం మాట వచ్చింది కనుక ఒక్క విషయం సరిచేస్తాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనే వేట పూర్తిగా ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ చట్టంలో చిన్న జంతువుల వేటకు, పెద్ద జంతువుల వేటకు వేరువేరుగా లైసెన్సులు ఉండేవి. వాటిని తీసివేసింది 1991 నాటి సవరణ. చట్టం చెప్పే 'వేట'లో చంపడమే కాదు, పట్టుకోవడం, తరమడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, వాటికి ప్రయత్నించడం కూడా చేరతాయి. అంటే చేతిలో తుపాకీ లేకపోయినా, కుక్కతో అడవి పక్షిని తరిమిస్తే అది మన దగ్గర వేట కిందికే వస్తుంది.

ఇక అసలు సంగతి. పాకాల చుట్టుపక్కల పాతకాలంలో జరిగిన అడవిపంది వేటలను మా నాయన కథలు కథలుగా చెప్పేవారు. ఆరు ఇండ్ల నుంచి ఆరు కుక్కలు వచ్చేవట. ఏ కుక్క ఆ ఇంటివాడి గొంతుకే తిరిగేది, పక్కవాడు ఎంత అరిచినా దానికి గాలిపాటే. అందుకని పంది పొదలోంచి బయటపడేదాకా ఎవరూ నోరు విప్పరాదని కట్టుబాటు ఉండేది. విప్పినవాడికి మాంసంలో వాటా తగ్గించేవారట. ఈ అనుభవం మీ అల్లుడి పక్షానే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, నేను దాన్ని సగమే లెక్కలోకి తీసుకుంటాను. మన ఊరకుక్క పని జంతువును చూడగానే ఎగబడి తరమడం. పాయింటర్ పని దానికి పూర్తిగా తలకిందులు. వాసన తగలగానే ఆగిపోవాలి, మనిషి వచ్చేదాకా ఆగే ఉండాలి. తరిమే కుక్కకు మన కేక హుషారు ఇస్తుంది. ఆగిన కుక్కకు అదే కేక కాళ్ల కింద నిప్పు పెట్టినట్టు అవుతుంది.

కరీంనగర్ పశువైద్యుడు:

పెద్దాయన చివర చెప్పిన మాటే నా వాదనకు మొదలు. నేను వేటకు వెళ్లినవాణ్ని కాను, కానీ ఇరవై ఏళ్లుగా కుక్కలను, వాటికంటే ఎక్కువగా వాటి యజమానులను చూస్తున్నాను. కుక్కకు మాట అంటే నిఘంటువులోని అర్థం కాదు. ఒక ధ్వని, ఆ ధ్వని వెంట ప్రతిసారీ జరిగే ఒక పని. "ఆగు" అన్న ప్రతిసారీ ఆగక తప్పని పరిస్థితి ఉంటేనే ఆ ధ్వనికి విలువ. ఒకరు "ఆగు" అని, మరొకరు "ఉండు" అని, మూడోవారు "ఏయ్" అని, ఎవరూ దగ్గరికి వచ్చి ఆపకుండా దూరం నుంచే అరుస్తూ ఉంటే, నాలుగు రోజుల్లో ఆ మాటలన్నీ దానికి బస్టాండులోని మైకు ప్రకటనలతో సమానమవుతాయి.

రెండో కారణం ముక్కుకు సంబంధించినది. కుక్క వాసన పట్టేటప్పుడు నోరు మూసి చిన్న చిన్న శ్వాసలుగా గాలిని ముక్కులోకి లాగుతుంది. నాలుక చాపి వగరుస్తున్న కుక్క ఆ పని సరిగా చేయలేదు. నలుగురి పిలుపులకు నాలుగు దిక్కులా ఉరికిన కుక్క త్వరగా వేడెక్కి వగరుస్తుంది. అప్పుడు పక్షి పది అడుగుల దూరంలో ఉన్నా దాటిపోవచ్చు. "కుక్కకు నేర్పు లేదు" అని అందరూ తేల్చేస్తారు. రాణి చేసిన తప్పేమీ నాకు కనిపించలేదు. అది నలుగురికీ మర్యాద ఇచ్చింది, అంతే.

గోదావరిఖని నుంచి:

డాక్టరు గారి మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. పదకొండేళ్లు కాన్సస్‌లో ఉన్నాను, ప్రతి నవంబరులో మిత్రులతో వేటకు వెళ్లాను. ఇంటి ముంగిట చెప్పే సూత్రం మక్క చేనులో నిలవదు. కోయని మక్క మనిషి కంటే ఎత్తుగా ఉంటుంది. వరుసలో ఒకరికీ ఇంకొకరికీ పదిహేను, ఇరవై అడుగుల ఎడం ఉంటుంది. కుక్క ఈ చివర ఉంటే దాన్ని నడిపేవాడు ఆ చివర ఉంటాడు, వాడికి కుక్క కనిపించదు, గాలి ఎదురైతే వాడి ఈల కుక్కకు వినిపించదు. ఫెజెంట్ పక్షి పూరేడు పిట్టలా గడ్డిలో అణిగి కూర్చోదు, కాళ్లకు పని చెబుతుంది. కుక్క దాని వెనుకే జరుగుతూ, ఆగుతూ, మళ్లీ జరుగుతూ పోతుంది.

ఒకసారి మా గుంపులో స్ప్రింగర్ స్పానియల్ ఒకటి ఉండేది. అది నిలబడే జాతి కాదు, పక్షిని లేపే జాతి. గాయపడిన పుంజు వెంట అది చేను చివరికి దూసుకుపోయింది. అక్కడ ముగ్గురు తుపాకులతో కాపు కాస్తున్నారు. దాని యజమాని ఎనభై గజాల వెనుక మక్కలో చిక్కుకుని ఉన్నాడు, నేను దానికి పది అడుగుల్లో ఉన్నాను. "ఆగు" అన్నాను. అది నా వైపు చూడనైనా లేదు, ఎందుకంటే యజమాని గొంతుకు తప్ప కదలకూడదని ఆయన గొప్పగా నేర్పించుకున్నాడు. ముందున్నవారు జాగ్రత్తపరులు, ఆకాశం కనిపించేంత ఎత్తుకు పక్షి లేస్తే తప్ప తుపాకీ ఎత్తరు. అందువల్ల ఆ రోజు గండం తప్పింది. ఒక్కరి మాటే వినే కుక్క ఆ ఒక్కరూ లేని చోట ఎవరి మాటా వినని కుక్క అవుతుంది. అధ్యాపకుల వారి అల్లుడి మిత్రుడు మొరటుగా చెప్పి ఉండవచ్చు కానీ, ఆయన మాటలో పస ఉంది.

హనుమకొండ వాసి:

ఇప్పుడు నాకు తికమక పెరిగింది. డాక్టరు గారు చెప్పినది చదివినప్పుడు అల్లుడే గెలిచాడనుకున్నాను, ఇది చదివాక బండిలో అతణ్ని సమర్థించినందుకు సిగ్గు వేసింది. డాక్టరు గారు జవాబు చెప్పాలి.

కరీంనగర్ పశువైద్యుడు:

గోదావరిఖని సోదరుని ఉదాహరణకు నా దగ్గర ఎదురు సమాధానం లేదు. ఒక మెట్టు దిగుతాను. కుక్క చేసే పనులను రెండుగా విడదీయండి. ఎటు వెతకాలి, ఎప్పుడు ముందుకు కదలాలి, ఎప్పుడు పక్షిని లేపాలి, పడినదాన్ని ఎప్పుడు తేవాలి అన్నవి పనికి సంబంధించిన మాటలు. అవి ఒక్కరివే కావాలి, మిగిలినవారు ఆ పదాలను నాలుక మీదికి రానివ్వకూడదు. ప్రాణానికి సంబంధించిన మాట ఒక్కటే, "ఆగు". అది అందరిదీ కావచ్చు. అయితే దానికి ఒక ఖరీదు ఉంది. వేటకు ముందే ఆ గుంపులోని ప్రతి ఒక్కరూ పెరట్లో మెడతాడు పట్టుకుని, ఒకే పదంతో, ఒకే స్వరంతో కుక్కను ఆపి, ఆగినందుకు మెచ్చుకుని ఉండాలి. మూడు నాలుగు సాయంత్రాలు ఆ పని చేయని మనిషికి చేనులో ఆ మాట వాడే హక్కు లేదు. ఆపద లేనప్పుడు ఊరికే వాడినవాడిని మరుసటి సాలులో కాపు కాసే చోటికి పంపండి.

గోదావరిఖని నుంచి:

పెరట్లో సాధన చేయాలన్న మాట ఒప్పుకుంటాను. శిక్షను ఒప్పుకోను. ఏది ఆపదో ఏది కాదో అరక్షణంలో తేల్చుకోవలసిన మనిషి శిక్షకు భయపడి నోరు మూసుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. పనికిరాని "ఆగు" పది సార్లు పడినా భరించవచ్చు, కావలసిన "ఆగు" ఒక్కటి పడకపోతే భరించలేము.

హనుమకొండ పాయింటర్ ఇల్లు:

నేను వేట చూడలేదు, చూడాలనీ లేదు. మా ఇంట్లో పాయింటర్ ఉంది కనుక రాస్తున్నాను. ఉదయం మైదానంలో గుడ్డ మూటలు దాచి వెతికిస్తాము. నాన్న "ఇటు రా" అంటారు, అమ్మ "రావే తల్లీ" అంటుంది, తమ్ముడు ఈల వేస్తాడు. అది మధ్యలో కూర్చుని ఆవలిస్తుంది. అది సోమరితనం అనుకున్నాము. దిక్కుతోచనప్పుడు కూడా కుక్క ఆవలిస్తుందని ఒకరు చెప్పేదాకా మాకు తెలియదు. పోయిన నెల నుంచి మూటల ఆటలో నేనొక్కదాన్నే మాట్లాడుతున్నాను, మిగిలినవారు చేతులు కట్టుకుని నిలబడతారు. ఇప్పుడు వెతుకుతోంది. పెద్దాయన గారిని ఒకటి అడగాలి. వరి కోతలయ్యాక పొలాలకు తీసుకెళ్తే అది పూరేడు పిట్టల దగ్గర నిలబడుతుంది. మేము లేపము, తరమము. అది కూడా తప్పేనా?

నర్సంపేట పెద్దమనిషి:

వాసన పట్టి నిలబడిన కుక్కను తాడు పట్టి వెనక్కి తెచ్చుకుంటే ఎవరూ తప్పు పట్టరని నా అభిప్రాయం. కానీ తాడు విప్పితే అది ఎంతసేపు నిలబడుతుందో నీకూ తెలియదు, దానికీ తెలియదు. పిట్టల గూళ్లను, గుడ్లను చెదరగొట్టడం కూడా చట్టంలో వేట కిందే చేరుతుంది తల్లీ. గుడ్డ మూటలతోనే ఆడించు.

హనుమకొండ వాసి:

నిన్న రాత్రి అల్లుడితో మాట్లాడాను. "ఆగు" అన్న ఒక్క మాటను అందరికీ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, సెప్టెంబరులో మిత్రులందరినీ పెరట్లోకి పిలుస్తానన్నాడు. తప్పుగా వాడినవారికి శిక్ష ఉండాలా వద్దా అన్నచోట ఇద్దరు మిత్రులూ మళ్లీ చెరొక వైపు నిలిచారు. పడిన పక్షిని కుక్క ఎవరి చేతికి తెచ్చివ్వాలి అన్న కొత్త పేచీ కూడా పుట్టింది. కొట్టినవాడి చేతికని మిత్రుడు, నడిపినవాడి చేతికని మా అల్లుడు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి, మొదటి రోజు రాయలేదు. ఆ వేళ మధ్యాహ్నం రెండు పుంజులు పడ్డాయి. రాణి రెండింటినీ నోట కరుచుకుని, కొట్టినవారినీ, పెంచినవాడినీ దాటుకుని, మట్టి రోడ్డు మీద బండి పక్కన నిలబడిన నా కాళ్ల దగ్గర పెట్టింది. అప్పటికి పదిహేను రోజులుగా, అల్లుడు వద్దన్నా వినకుండా, పొద్దున్నే దానికి జొన్నరొట్టె ముక్కలు పెడుతున్నది నేనే.